గడ్డ వరకే తీస్తే క్యాన్సర్ మళ్లీ వస్తుందా?

ప్రశ్న: మా అక్కకు 47 ఏళ్లు. కుడి రొమ్ములో 2 సెంటీమీటర్ల గడ్డ ఉంది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. చిన్న కోతతో గడ్డ వరకే తీస్తే చాలని సర్జన్ అంటున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం రొమ్ము మొత్తం తీయించేస్తేనే పీడ విరగడవుతుందని పట్టుబడుతున్నారు. ఏది మంచిది?

జవాబు: మీ ఇంట్లోవాళ్ల భయం అర్థమవుతోంది. కానీ ఎక్కువ కోస్తే ఎక్కువ కాలం బతుకుతారన్న లెక్క ఇక్కడ పనిచేయదు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరోనెసి అనే సర్జన్లు 1970లలోనే ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూడడం మొదలుపెట్టారు. ఆ రోగులను 20 ఏళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. రొమ్ము ఉంచినవాళ్లూ తీసేసినవాళ్లూ బతికిన కాలంలో తేడా కనిపించలేదు. రొమ్ము తీసేసినా ఆ చోట చర్మంలోనో, ఛాతీ గోడలోనో క్యాన్సర్ తిరిగి రావచ్చు. ఇక ఒంట్లో వేరేచోటికి పాకడమన్నది గడ్డ స్వభావాన్ని బట్టి ఉంటుంది. దాన్ని అదుపు చేసేది కత్తి కాదు, మందులు.

అయితే ఒక షరతు ఉంది. గడ్డ తీయడం సగం వైద్యమే, మిగతా సగం రేడియేషన్. ఫిషర్ అధ్యయనంలో గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. ఇచ్చినవాళ్లలో అది 14 శాతం. ఇప్పుడున్న మందులతో ఈ అంకెలు ఇంకా తగ్గాయి. రేడియేషన్ సాధారణంగా మూడు నుంచి ఐదు వారాలు, వారానికి ఐదు రోజులు ఉంటుంది. కొందరికి ఒక వారంలోనే ముగించే పద్ధతీ వచ్చింది. అన్ని రోజులు తిరగడం మీ అక్కకు కుదురుతుందా లేదా అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోండి. 'తర్వాత చూద్దాంలే' అని మధ్యలో మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చిన్న కోత అంటే పొట్టకు చేసే లాపరోస్కోపీ లాంటిది అనుకోకండి. వీలైతే చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచునే కోస్తారు, మచ్చ అందులో కలిసిపోతుంది. గడ్డను చుట్టూ కాస్త మంచి కండతో సహా తీసి, పైన సిరా పూసి ల్యాబ్‌కు పంపుతారు. మైక్రోస్కోపు కింద ఆ సిరా గీత మీద క్యాన్సర్ కణాలు కనిపిస్తే అంచు శుభ్రంగా లేదని అర్థం. అప్పుడు ఇంకొంచెం తీయడానికి రెండోసారి ఆపరేషన్ పడొచ్చు. ఈ మాట ముందే తెలిసి ఉంటే అప్పుడు టెన్షన్ ఉండదు.

అందరికీ ఈ పద్ధతి సరిపోదు. ఒకే రొమ్ములో దూరదూరంగా గడ్డలున్నా, చర్మమంతా ఎర్రగా వాచే రకం క్యాన్సరైనా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉన్నా మొత్తం తీయడమే మేలు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి కుదించి, తర్వాత తీసే వీలుంది. దగ్గరి రక్తసంబంధీకుల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉంటే ఈ క్యాన్సర్లు వంశపారంపర్యంగా వచ్చే ముప్పు ఉందేమో చెప్పే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి అడగండి.

చంక కింద ఉండే లింఫ్ గ్రంథులన్నీ తీసేస్తే చెయ్యి వాచే ప్రమాదం ఉంది. అందుకే ఇప్పుడు నీలిరంగు మందో, రేడియోధార్మిక మందో ఎక్కించి, అది ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులనే తీసి, క్యాన్సర్ వాటికి పాకిందేమో చూస్తారు. నీలిరంగు వాడితే ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా రావచ్చు. అది ఆ రంగే, కంగారు పడొద్దని మీ అక్కకు ముందే చెప్పండి.