పాకం మీ అత్తగారి చేతికివ్వండి

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి, పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం క్లుప్తంగా ఇదీ. ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నారు. ఇంట్లో భర్త, పదేళ్ళ పాప, 68 ఏళ్ళ అత్తగారు. పోయిన సంక్రాంతికి సెలవు దొరక్క అరిసెలు మిఠాయి కొట్లో కొని, పండక్కొచ్చి హైదరాబాదు తిరిగెళ్తున్న ఆడపడుచుకు డబ్బా కట్టారు. అత్తగారు చుట్టాలందరి ముందూ “కొన్న అరిసెలు కట్టి పంపే రోజొచ్చింది మనింటికి” అన్నారు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే, అవి కూడా పాప చేత చెప్పించుకుంటున్నారు. ఈసారి ఇంట్లోనే వండాలని పట్టుదల. వీడియో చూసి చేస్తే నూనెలో వేయగానే విడిపోయాయి. “ఆవిడకి తెలియకుండా నేర్చుకుని, పండగనాటికి చేసి చూపించాలనుంది. ఎలా? పాప చేత కూడా వాళ్ళ మామ్మకి ఏదైనా చేయించి ఇప్పించాలనుంది” అని అడిగారు. అత్తగారికి షుగరుందనీ, వయసులో ఉండగా లేసు అల్లేవారనీ కూడా రాశారు.

తెలియకుండా మాత్రం నేర్చుకోకండి. చేసి చూపించడమంటే పందెం వేసినట్టే. బాగా కుదిరితే, ఇక తన అవసరం లేదని ఆవిడకు అర్థమవుతుంది. కుదరకపోతే పోయినేటి మాటే మళ్ళీ వస్తుంది. ఎటు చూసినా మీకు ఒరిగేదేం లేదు. చుట్టాల ముందు అలా అనడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ మాటలో కొట్టు అరిసెల మీద కోపం కన్నా, తనని ఒక్క మాట అడగలేదన్న కష్టమే ఎక్కువేమో చూడండి. ఏళ్ళ తరబడి కూతురికి డబ్బా కట్టింది ఆవిడే కదా.

అదీగాక అరిసెలు ఒంటిచేత్తో అయ్యే వంట కాదు. పాకం కింద మంట చూస్తూ, పిండి పోస్తూ, ఉండ కట్టకుండా తిప్పడానికి రెండు చేతులు చాలవు. వేయించేటప్పుడూ అంతే, ఒకరు వత్తి ఇస్తే ఇంకొకరు వేసి తీసి నొక్కాలి. పాత ఇళ్ళలో ఇరుగుపొరుగు వచ్చి కూర్చునేది కబుర్లకొక్కటే కాదు.

మరి ఆవిడకు ఏ పని ఇవ్వాలి? చాలామంది కోడళ్ళు ఇక్కడే పొరబడతారు. ఏలకులు వలవమనో, నువ్వులు ఏరమనో, కూర్చుని చేసే చిల్లర పనేదో అప్పగిస్తారు. దాంతో పెద్దావిడ చేతికి పని దొరుకుతుంది గానీ మాటకి విలువ దొరకదు. మీరు తీర్పు ఆవిడకిచ్చి చాకిరీ మీరు తీసుకోండి. అరిసెల్లో తీర్పంటే పాకమే. షుగరున్న మనిషి కదా అని వెనకాడొద్దు, పాకాన్ని రుచి చూసి చెప్పరు. నీళ్ళలో వేసి వేళ్ళతో పట్టి చెబుతారు.

అడగడం మీరే అడగండి, పాప చేత కాదు, మీ ఆయన చేత అసలే కాదు. “అత్తయ్యా, నాకు పాకం కుదరట్లేదండి. పొయ్యి దగ్గర కుర్చీ వేస్తాను, మీరు చూసి ఎప్పుడు దింపాలో చెప్పండి. మిగతాదంతా నేను చూసుకుంటాను.” ఇంతే. పోయినేటి సంగతి ఇందులో కలపొద్దు.

నెల గంటు పెట్టగానే, అంటే డిసెంబరు మూడో వారంలో, ఒక ఆదివారం పావు కిలో బియ్యంతో మచ్చు చూడండి. పచ్చి బియ్యమే కావాలి, ఉప్పుడు బియ్యం పనికిరాదు. కడిగి శనివారం పొద్దున్నే నానబోయండి. ఒక రోజు పూర్తిగా నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. నీళ్ళు వంచి చిల్లుల గిన్నెలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. గింజ పట్టుకుంటే తడి తెలియాలి, చేతికి నీళ్ళు కారకూడదు. ఫ్యాను కింద ఆరబెట్టారంటే పని చెడినట్టే. మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లించి, పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టండి. తడి పోతే ఆ పిండితో అరిసెలు గట్టిగా చెక్కల్లా వస్తాయి. వీడియోల్లో కొన్నిట చూపించే పొడి పిండితో ఈ వంట పెట్టుకోవద్దు.

పావు కిలో బియ్యానికి 180 నుంచి 200 గ్రాముల బెల్లం. కొట్టులో తెల్లగా, పసుప్పచ్చగా మెరిసే అచ్చు తీసుకోకండి. రంగు కోసం మందు కలిపిన బెల్లానికి పాకం సరిగ్గా నిలవదు. ముదురు రంగుదీ, పట్టుకుంటే జిగురుగా తగిలేదీ చూడండి. తరిగి, పావు టీగ్లాసు పైన నీళ్ళు (50 మిల్లీలీటర్లు) పోసి కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. నీళ్ళెక్కువైతే పాకం చెడిపోదు గానీ ఆలస్యమవుతుంది, ఈలోగా ఓపిక చాలక ముందే దింపేస్తారు. మీ అరిసెలు విడిపోవడానికి ముఖ్య కారణం అదే అయ్యుంటుంది. పాకం తీగ సాగింది కదా అని దింపేసి ఉంటారు, తీగపాకం చాలదు.

చల్లటి నీళ్ళ పళ్ళెం అత్తగారి పక్కన పెట్టండి. నురుగు చిన్నబడి, పాకం చిక్కగా బుడగలేయడం మొదలవగానే చుక్క వేసి చూడటం మొదలుపెట్టాలి. నీళ్ళలో కరిగిపోతే కాలేదు. అడుగున పేరుకుని, వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టి, ఎత్తినప్పుడు జారకుండా నిలిస్తే అయినట్టు. అక్కణ్ణుంచి గట్టి ఉండ కావడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు, అందుకే చుక్క చూసేటప్పుడు మంట తగ్గించాలి. పళ్ళేనికేసి కొడితే టంగుమనేంత ముదిరితే అరిసె పళ్ళకు పరీక్షే. మెత్తటివి కావాలో, నిలవకి కొంచెం గట్టివి కావాలో, ఆ తేడా ఎక్కడ ఆపాలో పుస్తకంలో కొలతగా రాయలేం. ఆవిడ వేళ్ళకు తెలుస్తుంది. ఆవిడ “దింపు” అనగానే దింపండి. ఇంకో అర నిమిషం ఉంచుదామని మీకనిపించినా సరే.

దింపాక రెండు చెంచాల నెయ్యి, ఏలకుల పొడి వేసి, పిండి గుప్పెడు గుప్పెడుగా పోస్తూ ఆపకుండా కలపాలి. పిండి మొత్తం పట్టాలని లేదు. చలిమిడి గరిటెకు అంటుకుంటూ, చెయ్యి తడిచేసుకుని చూస్తే ఉండ కట్టేలా ఉన్నప్పుడే ఆపాలి, చల్లారితే ఇంకా బిగుస్తుంది. పైన చెంచాడు నెయ్యి రాసి మూత పెట్టి, గోరువెచ్చగా అయ్యాక నిమ్మకాయంత ఉండలు చేసి, నెయ్యి రాసిన అరటాకు మీద వత్తండి. నువ్వులు అద్దాలనుకుంటే వత్తేటప్పుడే. అంచు పల్చనై నడుము మందంగా ఉంటే అంచు మాడి మధ్య పచ్చిగా ఉంటుంది, కాబట్టి మధ్యనుంచి వత్తుకుంటూ రావాలి.

ముందు చిన్న ముక్క నూనెలో వేసి చూడండి. మునిగి నిదానంగా పైకి తేలితే కాక సరిపోయింది. వేసీ వేయగానే నల్లబడితే ఎక్కువైంది. ముక్క నూనెలో చెదిరిపోతే పాకం లేతదన్నమాట, చలిమిడిలో మిగిలిన తడి పిండి ఇంకొంచెం కలిపి రెండు గంటలు వదిలేస్తే చాలావరకు దారికొస్తుంది. వత్తుతుంటే అంచులు పగిలితే ముదిరింది, గోరువెచ్చటి పాలు చెంచాడు చిలకరించి నెయ్యి చేత్తో మర్దించండి. ఒకేసారి రెండో మూడో వేయండి, అంతకన్నా వేస్తే నూనె చల్లారి అరిసె నూనె తాగుతుంది. తీయగానే అరిసెల చెక్కల మధ్య, అవి లేకపోతే రెండు చిల్లుల గరిటెల మధ్య, వేడి మీదే గట్టిగా నొక్కాలి. ఆ నూనె లోపలే ఉండిపోతే వారానికే కమురు వాసన.

మచ్చు చూసిన రోజు మూడు జరగొచ్చు. ఒకటి, ఆవిడ సంతోషంగా కూర్చుని చెబుతారు, సరే. రెండు, “మిక్సీ పిండితో అరిసెలేంటి” అంటూ మొదలుపెట్టి, గరిటె మీ చేతిలోంచి లాక్కుంటారు. ఇచ్చేయండి. పక్కన నిలబడి పిండి పోయండి. విమర్శే అయినా ఏడాది తర్వాత మీకు నేరుగా వచ్చిన మాట అది, పాప ద్వారా రాలేదు. మూడు, “నాకెందుకులే, కొట్లో దొరుకుతాయిగా” అని దెప్పి లోపలికి వెళ్ళిపోతారు. అప్పుడు బతిమాలొద్దు, అలగొద్దు. మీరే చేయండి, పాకం చుక్క వేసిన పళ్ళెం మాత్రం తీసుకెళ్ళి “ఇది సరిపోతుందా అండీ?” అని అడగండి. వేలు పెట్టి చూడకుండా ఉండటం చెయ్యి తిరిగిన మనిషికి కష్టం.

పొయ్యి దగ్గర పాత లెక్కలు తేల్చుకోవద్దు. మరిగే పాకం ఒంటి మీద పడితే అంటుకుని కాలుస్తుంది, పైగా అక్కడ పాప తిరుగుతూ ఉంటుంది. పోయినేటి మాట మీ మనసులో ఇంకా గుచ్చుతుంటే, ఇంకో రోజు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: “అందరిలో అలా అంటే నాకు కష్టమేసిందండి. అడక్కుండా కొనడం నాది పొరపాటే.” జవాబు రాకపోయినా తొందరపడొద్దు. అయితే ఒక మాట. రోజూ తిట్టడం, మీ జీతం మీద, పుట్టింటి మీద మాటలు విసరడం లాంటివి కూడా ఉండి, ఉత్తరంలో రాయలేకపోయి ఉంటే అరిసెలు దానికి మందు కాదు. అప్పుడు నోరు తెరవాల్సింది మీ ఆయన. ఇద్దరి మధ్య వార్తలు మోసే పని నుంచి పాపను మాత్రం ఏ పరిస్థితిలోనైనా ఈ వారమే తప్పించండి.

మచ్చు కుదిరాక, పండక్కి వారం ముందు అసలు వాయి. కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం, గ్లాసు నీళ్ళు. సైజును బట్టి 40 దాకా వస్తాయి. ఇంత పిండికి మిక్సీ వద్దు, తడి పిండి ఆడే మర చూసుకోండి. అన్ని మరల వాళ్ళూ ఒప్పుకోరు, పండగ రోజుల్లో వరస కూడా ఉంటుంది, ముందే అడిగి పెట్టుకోండి. పల్చటి గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లార్చాకే స్టీలు డబ్బాలో పెట్టాలి. గోరువెచ్చగా మూత పెడితే ఆవిరి నీరై బూజు పడుతుంది. డబ్బా కట్టేటప్పుడు అత్తగారి చేత కట్టించి, ఆవిడ చేతే ఆడపడుచుకు ఇప్పించండి. మీ పేరు చెప్పాలా వద్దా అన్నది ఆవిడకే వదిలేయండి. పిల్లల ముందు “మీరు తినకూడదు, మీరు తినకూడదు” అని పదిసార్లు అనకండి. ఎంత తినొచ్చో డాక్టరు చెప్పే ఉంటారు.

ఒకవేళ మీకు మచ్చు చూసే తీరిక కూడా లేకపోతే పూతరేకులు చుట్టండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం రేకుల్ని కట్టలుగా కొనొచ్చు. రేకు తీయడం ఇంట్లో అయ్యే పని కాదు, చుట్టడం మాత్రం గంట పని. తడిపి గట్టిగా పిండిన గుడ్డ రేకు మీద ఒక్కసారి అద్దితే మెత్తబడుతుంది. ఎక్కువ తడిస్తే జిగురై ముద్దవుతుంది. నెయ్యి రాసి, మెత్తటి బెల్లం పొడి చల్లి, ఇంకో రేకు వేసి మళ్ళీ అలాగే చేసి మడవడమే.

ఇక పాప సంగతి. మామ్మకి బహుమతి చేయించి ఇప్పించడం కన్నా, మామ్మతో కలిసి చేసే పని పెట్టండి. ఈ పండగ రోజుల్లో దానికి భోగి పిడకల దండని మించింది లేదు. కావలసింది తాజా ఆవు పేడ, ఊక, కొబ్బరి పీచు తాడు. రెండంగుళాల బిళ్ళలు, వేలి మందం మించకుండా తట్టి, మధ్యలో పుల్లతో చిల్లు పెట్టి, ఊక చల్లిన తాటాకు మీద ఎండబెట్టాలి. మందమైతే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది, భోగి మంటలో పొగ తప్ప మండదు. చిల్లు ఎండేకొద్దీ బిగుసుకుపోతుంది కాబట్టి తాడుకి రెండింతలు వదులుగా పెట్టాలి. రెండో రోజు తిరగేసి, మంచు పడకుండా సాయంత్రం లోపలికి తెచ్చుకుంటే వారానికి గలగలమంటాయి. దండ ఎంత పొడుగుండాలో మామ్మా మనవరాలూ దెబ్బలాడుకోనివ్వండి.

లేసు మాత్రం పండగయ్యాకే. నరసాపురం చుట్టుపక్కల ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన నాటి నుంచి ఉంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆవిడ అల్లడం ఎందుకు మానేశారో ముందు కనుక్కోండి. షుగరున్నవారికి కళ్ళ పరీక్ష ఏడాదికోసారి ఎలాగూ చేయించాలి, శుక్లాలు ఉన్నాయేమో కూడా అందులోనే తెలుస్తుంది. చూపు సరిచేయించాక కూడా పాత సన్నదారం ఇవ్వకండి. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. లావు నూలు దారం, రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల కొక్కెం సూది తీసుకుని, తెల్లదారమైతే ఒళ్ళో ముదురు రంగు గుడ్డ పరిస్తే కుట్టు కనిపిస్తుంది. పాపకు మొదటి వారం చైను (గొలుసు కుట్టు) ఒక్కటే నేర్పమనండి. పిల్లలు దారం బిగించి లాగుతారు, రెండో వరసలో సూది దూరక విసుక్కుంటారు, అందుకే మొదట కొంచెం పెద్ద సూది. గుండ్రటి బిళ్ళ అల్లడం మొదలయ్యాక అంచు గిన్నెలా పైకి లేస్తే ఆ వరసలో కుట్లు చాలలేదు, అలలు తిరిగితే ఎక్కువయ్యాయి, ఆ ఒక్క వరస విప్పితే చాలు. నాలుగంగుళాల బిళ్ళలు పాపవి, వాటిని కలిపే అతుకుపని మామ్మది.