అద్దం వెనక దొర

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారు మద్రాసు వేలంపాటలో కొన్న దొరబొమ్మ ఒకటి మా ఇంట్లో ఉంది. తెల్ల విగ్గు, నీలం కోటు, ఎర్రటి బుగ్గలు. సుద్దతో వేసినట్టుంది, సంతకం లేదు. విజయనగరం రాజుల దగ్గర డబ్బు గుంజిన గవర్నరు రంబోల్డు ఇతనేనని మా పెదనాన్న పట్టుబడతారు. నిజమేనా? బొమ్మ మీద బూజు కూడా కనిపిస్తోంది. తుడిచి, రంగు రాలకుండా ఏదైనా స్ప్రే కొట్టమంటారా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు ఆ గుడ్డ కింద పెట్టండి బాబూ. సుద్దరంగు కాగితానికి అతుక్కుని ఉండదు. కాస్త జిగురు కలిపిన పొడి అది, కాగితం గరుకులో ఇరుక్కుని ఉంటుంది, అంతే. కుర్రతనంలో నేను వేసిన మా అమ్మ బొమ్మకి అద్దం నేరుగా ఆనించి ఫ్రేము కట్టాను. ఒక్క వానాకాలం గడిచాక విప్పితే సగం ముక్కు అద్దంతో వచ్చేసింది. స్ప్రే కొడితే తెలుపులు మాసిపోయి బుగ్గ కమిలినట్టు అవుతుంది. ఫ్రేము విప్పకండి. వంటగది గోడ మీదుంటే తీసి, చెమ్మ లేని లోపలి గోడకి మార్చండి, వెనక గాలి ఆడేలా నాలుగు కార్కు ముక్కలు పెట్టండి. ఎండ పడకూడదు. బూజు సంగతి పాత కాగితాలు బాగుచేసే మనిషికి వదిలేయండి. తీసుకెళ్ళేటప్పుడు బొమ్మ వెల్లకిలా ఉండాలి. అద్దం బదులు ప్లాస్టిక్ షీటు మాత్రం వేయించొద్దు, దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు పొడిని లాగేస్తుంది.

ఇక అసలు సుద్దేనా? గడియారాలు బాగుచేసేవాళ్ళ కంటిలెన్సు ఒకటి అడిగి తెచ్చి, అద్దం మీంచే బుగ్గ చూడండి. రంబోల్డు కాలంలో రాగిరేకు మీద సన్నని చుక్కలు పొడిచి, అచ్చం సుద్దబొమ్మలా అచ్చేసేవారు. 1764లో ఇటలీ నుంచి లండన్ చేరిన బార్తొలోజ్జి ఆ పనిలో ఘనుడు. చుక్కలు వరసగా కనిపిస్తే మీది అచ్చుబొమ్మ. కాగితం గరుకులో మిట్టల మీద పొడి, గుంటల్లో కాగితం రంగు కనిపిస్తే సుద్దే. బుగ్గ దగ్గర గీతలు చెరిగి నున్నగా ఉన్నా కంగారు పడకండి. 1772లో క్రేయాన్ల మీద (అప్పట్లో సుద్దరంగులకి అదే పేరు) పుస్తకం రాసిన జాన్ రసెల్ రంగుల్ని వేలితోనే రుద్ది కలిపేవాడు.

పెదనాన్నగారి కథలో సగం పాలు ఉంది. సర్ థామస్ రంబోల్డు 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కార్లలో ఊరూరా తిరుగుతూ విచారణ చేయాల్సిన కమిటీని రద్దు చేసి, జమీందార్లనే మద్రాసు రమ్మన్నాడు. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దారి, పల్లకీల్లో! అక్కడ విజయనగరం రాజు విజయరామరాజు మీద ఒత్తిడి తెచ్చి, పొసగని అన్న సీతారామరాజుని దివానుగా ఒప్పించాడు. దాని వెనక డబ్బు నడిచిందన్నది అభియోగం. 1782లో పార్లమెంటు దాకా వెళ్ళింది, మరుసటేడు చల్లారిపోయింది. దొర అంతకుముందే ఘటికుడు లెండి. 1774లో ఇంగ్లండులోని షాఫ్ట్స్‌బరీ ఎన్నికలో అతని మనుషుల్లో ఒకడు ఇంగ్లీషు బొమ్మలాటలోని పంచ్ వేషం కట్టి, తలుపు కన్నంలోంచి ఓటర్లకి బంగారు నాణేల పొట్లాలు అందించాడట. మన ఊళ్ళ పంపకాలు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

కానీ మీ గోడ మీది మనిషి అతనే అనడానికి నీలం కోటూ ఎర్ర బుగ్గలూ చాలవు. ఆ రోజుల్లో డబ్బున్న ప్రతి దొరకీ అవి రెండూ ఉండేవి. వెనక అట్ట మీద పాత చీటీ, చేతిరాత, ఫ్రేము కట్టిన దుకాణం కాగితం ఏదున్నా పీకకుండా ఫోటో తీసి పంపండి. అందాకా పెదనాన్నగారితో వాదన పెట్టుకోవద్దు.