మేనకోడలికి కాలం, దూరం, పని లెక్కల గురించి

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి బుజ్జమ్మకు మీ మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రైల్వే ఉద్యోగ పరీక్ష మాక్ టెస్ట్ కాగితాలు కళ్లద్దాలు పెట్టుకుని రెండు పూటలు చూశాను. ఫోన్లో చెబుదామంటే సగంలోనే "అర్థమైంది మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. రీజనింగ్ బాగానే చేశావు. కాలం–పని, కాలం–దూరం దగ్గరే పదకొండు తప్పులున్నాయి. తప్పుకు మూడో వంతు మార్కు కోస్తారు కదా, ఆ పదకొండు మార్కులు రాకపోగా, చేతిలో ఉన్నవాటిలోంచి మూడున్నరకు పైగా పోయాయి.

ఫార్ములాలు గుర్తుండటం లేదని ఏడుస్తున్నావట. నాకు కనిపించింది వేరు. నోటుబుక్కు చివరి పేజీల్లో నలభై దాకా ఫార్ములాలు రాసుకున్నావు, ప్రతి లెక్కకీ అందులో ఏది సరిపోతుందా అని వెతుకుతున్నావు. అద్దె బట్టల షాపులో చొక్కా వెతికినట్టుంది. ఆ పేజీలు ఒక నెల మూసెయ్.

పంపుల లెక్క చూడు. ఒక పంపు ట్యాంకును 6 గంటల్లో, ఇంకొకటి 3 గంటల్లో నింపుతాయి, రెండూ కలిసి ఎంతసేపు? నువ్వు నాలుగున్నర గంటలు అని పెట్టావు. రెండో పంపు ఒక్కటే మూడు గంటల్లో నింపేస్తుంటే, దానికి తోడు వచ్చాక నాలుగున్నర ఎందుకు పడుతుంది? పెన్ను ముట్టుకోకముందే జవాబు 3 కంటే తక్కువని తెలిసిపోవాలి. (నేను వంటింట్లోకి వెళ్లి మీ అమ్మకు సాయం చేస్తే మాత్రం పని ఆలస్యమయ్యేది. లెక్కల పుస్తకాల్లో అలాంటి సాయగాళ్లు ఉండరు.)

గంటలను కలపకూడదు. ఒక్క గంటలో ఎవరు ఎంత చేశారో దాన్ని కలపాలి. మొదటిది గంటకు ట్యాంకులో ఆరో వంతు, రెండోది మూడో వంతు నింపుతాయి. రెండూ కలిపితే సగం. గంటకు సగం నిండితే మొత్తానికి 2 గంటలు. భిన్నాలు చూస్తే చిరాకు అంటావు కాబట్టి ఇంకోలా చెయ్. 6, 3 ల క.సా.గు. (రెండింటితోనూ భాగించబడే అతి చిన్న అంకె) 6. ట్యాంకులో 6 బిందెలు పడతాయనుకో. మొదటిది గంటకు 1 బిందె, రెండోది 2 బిందెలు, వెరసి 3. ఆరు బిందెలకు రెండు గంటలు. ట్యాంకుకు చిల్లు ఉంటే దాని బిందెలు తీసేయడమే. 4 గంటల్లో నింపే మోటారు, 12 గంటల్లో ఖాళీ చేసే చిల్లు ఉన్నాయనుకో. ట్యాంకు 12 బిందెలు, గంటకు 3 వస్తాయి, 1 పోతుంది, నికరం 2. కాబట్టి 6 గంటలు.

కోచింగుల్లో దీన్ని కొత్త ట్రిక్కులా చెబుతారు గానీ, భాస్కరాచార్యుడు 1150లో లీలావతి అనే లెక్కల పుస్తకంలో ఇదే లెక్క అడిగాడు. నాలుగు ఊటలు ఒక దిగుడుబావిని విడివిడిగా ఒక రోజులో, అర రోజులో, రోజులో మూడో వంతులో, ఆరో వంతులో నింపుతాయి. నాలుగూ ఒకేసారి వదిలితే ఎంతసేపు? రోజుకు 1, 2, 3, 6 బావులు నింపగలవు, అన్నీ కలిపితే 12. అంటే రోజులో పన్నెండో వంతు, మన లెక్కలో 2 గంటలు. నిన్ను భయపెడుతున్న ప్రశ్నకు దాదాపు తొమ్మిది వందల ఏళ్లు.

అన్నిటికీ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఒక్కదానికి ఎంత? గంటకు ఎంత, మనిషికి ఎంత, కిలోమీటరుకు ఎంత. అంకె పక్కన ఆ మాట కూడా తప్పకుండా రాయి. నువ్వు ఉత్త అంకెలు రాస్తున్నావు, రెండు లైన్లు పోయాక 10 అంటే టిక్కీలా (మిర్చి బస్తాలా), గంటలా అన్నది నీకే తెలియడం లేదు.

టిక్కీలంటే గుర్తొచ్చింది. మీ నాన్న మిర్చి యార్డులో రోజూ చూసేదే ఒక లెక్కగా చెబుతాను. 12 మంది హమాలీలు 2 గంటల్లో 240 టిక్కీలు లారీకి ఎత్తారు. 9 మంది 270 టిక్కీలు ఎత్తడానికి ఎంతసేపు? నువ్వయితే వెంటనే అడ్డగుణకారం మొదలుపెడతావు, మూడు జతల అంకెలు చూడగానే ఏది దేనికి అడ్డమో తెలియక ఆగిపోతావు. ఒక మనిషి ఒక గంటకు ఎంత ఎత్తాడో చూడు. 240 ని 12 తో, తర్వాత 2 తో భాగిస్తే 10 టిక్కీలు. 9 మంది గంటకు 90. కాబట్టి 270 కి 3 గంటలు. అయిపోయింది.

అడ్డగుణకారం తప్పని అనను. ఆర్యభటుడు 499లోనే దాన్ని త్రైరాశికంగా చెప్పాడు: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించు. 5 టిక్కీలకు (ప్రమాణం) ఇంత కూలి (ఫలం) అయితే 8 టిక్కీలకు (ఇచ్ఛ) ఎంత, ఇలాంటివాటికి అది దివ్యంగా పనిచేస్తుంది. కానీ అది రెండూ కలిసి పెరిగేవాటికి. మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి, అక్కడ కళ్లు మూసుకుని గుణిస్తే తలకిందులవుతుంది. అందుకే ముందు నోటితో అనుకో: "ఇది పెరిగితే అది పెరుగుతుందా, తగ్గుతుందా?" కలిసి పెరిగేవాటిలో ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే వచ్చేది మారదు, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గేవాటిలో రెండూ గుణిస్తే వచ్చేది మారదు. అనులోమం, విలోమం అన్న పెద్ద పేర్ల వెనకాల ఉన్నది ఇంతే.

ఇక నా సొంత విషయానికి వస్తాను, అంటే రైలు. నేను రైలింజన్ డ్రైవరుకు అసిస్టెంటుగా చేరిన కొత్తలో మా డ్రైవరుగారు చేతికి వాచీ ఇచ్చి, ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా సెకన్లు లెక్కపెట్టించేవారు. స్పీడోమీటరు ఉంది కదండీ అంటే, అది తప్పు చూపించే రోజు కూడా ఒకటి వస్తుందిరా అనేవారు. 60 సెకన్లు పడితే గంటకు 60 కిలోమీటర్లు. 45 సెకన్లయితే 80. 40 అయితే 90, 36 అయితే 100. 3600 ని ఆ సెకన్లతో భాగించడమే. కిలోమీటరుకు ఎన్ని సెకన్లు, గంటకు ఎన్ని కిలోమీటర్లు, ఈ రెండూ ఒకే సంగతిని అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పడం. నువ్వు బట్టీ పట్టిన 5/18 కూడా ఇక్కడిదే. కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు, 1000/3600 ని కుదిస్తే 5/18. మర్చిపోయినా నిమిషంలో మళ్లీ పుట్టించుకోవచ్చు.

ఒకసారి నాకు బాగా బుద్ధి వచ్చింది. మా బండికి 5 కిలోమీటర్ల మేర ట్రాక్ పని వల్ల కాషన్ ఆర్డర్ (నెమ్మదిగా పొమ్మనే ఆదేశం) పడింది, 60 లో పోవాల్సింది 20 లో పోయాం. 5 నిమిషాల దూరానికి 15 నిమిషాలు పట్టింది. 75 దాకా అనుమతి ఉన్న సెక్షన్ అది. "ముందు 75 లో లాగితే పది కిలోమీటర్లలో కవర్ చేసేద్దాం సార్" అన్నాను ఉషారుగా. ఆయన నవ్వి, కాగితం మీద లెక్క వెయ్యమన్నారు. 60 లో కిలోమీటరుకు 60 సెకన్లు, 75 లో 48. కిలోమీటరుకు 12 సెకన్లే మిగులుతాయి. పోగొట్టుకున్నది 600 సెకన్లు. అంటే 50 కిలోమీటర్లు ఆగకుండా 75 లో పోవాలి. విజయవాడలో మొదలుపెడితే గుంటూరు దాటిపోయినా ఇంకా బాకీ తీరదు.

ఇందులో ఒక భిన్నం దాగి ఉంది, దాన్ని పట్టుకున్నావంటే సగం ప్రశ్నలు నీవే. వేగం 5/4 అయింది, కాలం 4/5 అయింది. వేగం నాలుగో వంతు పెరిగితే కాలం ఐదో వంతే తగ్గుతుంది. దూరం మారనప్పుడు భిన్నాన్ని తిరగేయాలి. "మామూలు వేగంలో ముప్పావు వంతుతో నడిచి 20 నిమిషాలు ఆలస్యంగా వెళ్లాడు, మామూలుగా ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు కదా, నువ్వు x, y పెట్టి పేజీ నింపావు. వేగం 3/4, కాబట్టి కాలం 4/3. అదనంగా పట్టింది 1/3. ఆ మూడో వంతే 20 నిమిషాలు, మొత్తం 60. నాలుగు సెకన్లు కూడా అక్కర్లేదు.

సగటు వేగంలో కూడా అదే జారుడు. 40 లో వెళ్లి 60 లో తిరిగొస్తే సగటు 50 అనేశావు. గుంటూరు నుంచి విజయవాడకు లెక్క కోసం 36 కిలోమీటర్లు అనుకుందాం. కాజ టోల్‌గేటు దగ్గర రద్దీ, 40 లో వచ్చావు, 54 నిమిషాలు. రాత్రి 60 లో పోయావు, 36 నిమిషాలు. 72 కిలోమీటర్లకు 90 నిమిషాలు, అంటే గంటకు 48. నెమ్మదిగా పోయినప్పుడు రోడ్డు మీద ఎక్కువసేపు ఉన్నావు కదా, సగటు దానివైపు ఒరుగుతుంది. ఎంత దూరం ఇచ్చినా ఇవ్వకపోయినా, నువ్వే ఒక దూరం ఊహించుకుని మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించు. 40 కీ 60 కీ సరిపోయే 120 ఊహించుకుంటే ఇంకా తేలిక.

రైలు వంతెన దాటే లెక్క నీకెందుకు తప్పిందో నాకు ఆశ్చర్యం. 72 వేగంతో 240 మీటర్ల రైలు, 360 మీటర్ల వంతెన. నువ్వు వంతెన పొడవు ఒక్కటే తీసుకున్నావు. ఇంజిన్ వంతెన ఎక్కినప్పుడు మొదలై, చివరి పెట్టె దిగినప్పుడు ముగుస్తుంది. 600 మీటర్లు, సెకనుకు 20, కాబట్టి 30 సెకన్లు. మేం కాషన్ చోటు దాటాక కూడా వెంటనే వేగం పెంచలేం, వెనక పెట్టెలు ఇంకా అక్కడే ఉంటాయి. అందుకే కొంత ముందుకు టి/పి, టి/జి అని బోర్డులు ఉంటాయి, ఒకటి ప్యాసింజర్ బండ్లకు, ఒకటి గూడ్సుకు. గూడ్సు పొడుగు కాబట్టి దాని బోర్డు ఇంకా దూరంలో ఉంటుంది. నువ్వు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఈ లెక్క కిటికీలోంచి కనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ రేటు మారనప్పుడే. ఇడ్లీ పాత్రలో ఒక రేకు పది నిమిషాల్లో ఉడికిందని నాలుగు రేకులకు నలభై నిమిషాలు పెట్టవు కదా. ఆటో వాడు మొదట కొంత మినిమం తీసుకుని తర్వాత కిలోమీటరుకు ఇంత అంటే, దూరం రెట్టింపైనా ఛార్జీ రెట్టింపు కాదు. మినిమం పక్కన పెట్టి మిగతాదానికే త్రైరాశికం వెయ్యాలి. పరీక్షల వాళ్లు అప్పుడప్పుడూ ఇలాంటిది ఒకటి మధ్యలో పెడతారు.

పరీక్షలో గంటకు 75 ప్రశ్నలు. చూశావా, నువ్వు కూడా 75 వేగంతో పోవాలి, ప్రశ్నకు 48 సెకన్లు. రీజనింగ్‌లో పది ప్రశ్నలు 30 సెకన్ల చొప్పున చేస్తే 180 సెకన్లు మిగులుతాయి, వాటిని ఈ లెక్కలకు పంచుకో. ఏ ప్రశ్నైనా నిమిషంన్నర దాటితే వదిలి ముందుకెళ్లు, ఆ బాకీ తీర్చాలంటే ఎన్ని ప్రశ్నలు పడుతుందో ఇప్పుడు నీకు తెలుసు.

ఆదివారం ప్యాసింజర్‌కి ఎక్కి రా. మంగళగిరి దాటాక కిటికీ దగ్గర కూర్చుని రెండు కిలోమీటరు రాళ్ల మధ్య సెకన్లు లెక్కపెట్టు, ఇంటికొచ్చాక వేగం ఎంతో చెప్పాలి. కృష్ణా కెనాల్ దగ్గర బండి నెమ్మదిస్తుంది, అక్కడ లెక్కపెట్టకు. మీ అమ్మను గోంగూర పచ్చడి చిన్న సీసాలో పంపమను, పెద్ద సీసా అయితే మీ అత్తయ్య నాకు బీపీ అని దాచేస్తోంది.

ఇట్లు,
మీ మామయ్య