మూత్రంలో మంట: పల్లేరు కషాయం మోతాదు పెంచవచ్చా?

ప్రశ్న: నా వయసు 51. చెన్నై పెరంబూరులో ఉంటాం. టి.నగర్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తాను. షుగరుకు మాత్రలు వాడుతున్నాను. నెలసరి ఆగి రెండేళ్లయింది. ఈ ఏడాది నాలుగుసార్లు మూత్రంలో మంట వచ్చింది. నాటుమందుల అంగడిలో కొన్న పల్లేరు కాయలు, కొండపిండి కలిపి కషాయం కాచి తాగితే తగ్గుతోంది, మళ్లీ వస్తోంది. మోతాదు పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పెంచవద్దమ్మా. ప్రస్తుతానికి కషాయం ఆపండి.

ఆ మొక్కలను నేను తీసిపారేయడం లేదు. పొలం గట్ల మీద కాలికి గుచ్చుకునే పల్లేరునే ఆయుర్వేదం గోక్షురమంటుంది, మూత్రం సాఫీగా రావడానికి వాడుతుంది. కొండపిండి అంటే భోగినాడు మీ వీధిలో వేపాకుతో కలిపి గుమ్మాలకు కట్టే, తమిళంలో సిరుపీళై అనే తెల్లపూల మొక్క. కానీ మీకు హాయినిచ్చింది చాలావరకు కషాయంతో లోపలికి వెళ్లిన నీళ్లే. మూత్రం పలచబడితే మంట తగ్గుతుంది, మూత్రాశయంలోని బ్యాక్టీరియా మాత్రం అలాగే మిగిలిపోవచ్చు. పైగా కొండపిండిలో ఆక్సలేట్ అనే లవణం ఉంటుంది. చిక్కగా కాచి రోజుల తరబడి తాగితే అది కిడ్నీల్లో పేరుకునే ప్రమాదం ఉంది. షుగరున్నవారి కిడ్నీలకు ఆ భారం అసలే వద్దు.

ఈసారి మంట మొదలవగానే, యాంటీబయాటిక్ వేసుకోకముందే, మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వండి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. అందులోని బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. మూడు నెలల సగటు షుగరు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూపించుకోండి. మీ షుగరు మాత్రల చీటీ వైద్యుడికి చూపండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవారికి మర్మాంగాల దగ్గర ఫంగస్ చేరి దురద, మంట రావచ్చు. నెలసరి ఆగాక అక్కడి చర్మం పొడిబారడమూ ఒక కారణమే. దానికి పైపూత ఈస్ట్రోజెన్ క్రీము బాగా పనిచేస్తుంది. సిగ్గుపడకుండా గైనకాలజిస్టును అడగండి.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. దుకాణంలో ఉన్నంతసేపూ ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారు? వెళ్లాల్సివస్తుందని నీళ్లే మానేసే ఆడవాళ్లను రోజూ చూస్తున్నాను, బాధేస్తుంది. దుకాణాల్లో పనిచేసేవారికి కుర్చీ వేయాలని తమిళనాడు 2021లో చట్టం తెచ్చింది. కూర్చోవడం ఎంత అవసరమో మూత్రానికి వెళ్లడమూ అంతే. మూడు గంటలకొకసారి వెళ్తానని యజమానికి గట్టిగా చెప్పండి. కిడ్నీలు బాగుంటే రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు తాగండి. చక్కెర వేయని బార్లీ నీళ్లూ మంచివే.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.