దేశం దాటి వచ్చే బిడ్డ, దేశం దాటి వెళ్లే బిడ్డ: దత్తతపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మేమిద్దరం 2011 నుంచి 2017 దాకా ఇథియోపియాలో లెక్చరర్లుగా పనిచేశాం. మాకు పిల్లల్లేరు. అక్కడి ఆశ్రమాల్లో ఆరేడేళ్ల పిల్లల్ని చూసినప్పటి నుంచి అక్కడి బిడ్డనే తెచ్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
దంపతులు, కూకట్‌పల్లి

ఆ దారి మూసుకుపోయింది. విదేశీయులకు పిల్లల్ని దత్తత ఇవ్వడాన్ని ఇథియోపియా 2018 జనవరిలో చట్టం చేసి ఆపేసింది. చైనా కూడా 2024లో ఆపింది, బంధువులకు తప్ప ఇవ్వడం లేదు. ఇథియోపియా నుంచి బిడ్డను ఇప్పిస్తామని ఇప్పుడు ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

వేరే దేశం సంగతి ఆలోచిస్తుంటే మొదట రెండు విషయాలు కనుక్కోండి. ఆ దేశ చట్టం భారతదేశంలో నివసించే భారతీయులకు పిల్లల్ని ఇస్తుందా? దేశాల మధ్య దత్తతలకు నియమాలు పెట్టిన 1993 నాటి హేగ్ దత్తత ఒప్పందంలో ఆ దేశం ఉందా? మన దేశం 2003లో చేరింది. మన వైపు బాధ్యత ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థది. అందరూ దాన్ని 'కారా' అంటారు. దత్తత తంతు ఆ దేశంలో, ఆ దేశ చట్టం ప్రకారమే పూర్తవుతుంది. అయితే మీ హోమ్ స్టడీ రిపోర్టు (సోషల్ వర్కర్ మీ ఇల్లు, కుటుంబం చూసి రాసేది), బిడ్డ గురించిన చైల్డ్ స్టడీ రిపోర్టు, వైద్య నివేదిక చూసి ఒప్పందంలోని 5, 17 అధికరణాల కింద కారా అనుమతి ఇవ్వాలి. బిడ్డకు ఆ దేశ పాస్‌పోర్టే ఉంటుంది కాబట్టి అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఎంట్రీ వీసాకు పెట్టుకోవాలి. అదే కార్యాలయం ద్వారా హోం శాఖ విదేశీయుల విభాగం క్లియరెన్సు తెచ్చుకోవాలి. దత్తత అయినంత మాత్రాన పౌరసత్వం దానంతటదే రాదు, 1955 పౌరసత్వ చట్టం కింద విడిగా దరఖాస్తు చేయాలి.

ఎక్కువగా దెబ్బతినేది పనులు ముందూ వెనకా అయినప్పుడే. కొందరు అక్కడి కోర్టు ఉత్తర్వు చేతికి వచ్చాక కారాను సంప్రదిస్తారు. బిడ్డను అప్పగించే ముందే రెండు దేశాలూ ఒప్పుకోవాలన్నది 17వ అధికరణం. బిడ్డకు మన దేశంలో అడుగుపెట్టి శాశ్వతంగా ఉండే అనుమతి దొరుకుతుందని మన ప్రభుత్వం ముందే చెప్పాలన్నది 5వది. ఈ రెండూ లేకుండా ఉత్తర్వు తెచ్చుకుంటే కాగితం మీద మీరు తల్లిదండ్రులవుతారు, బిడ్డ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఒక మాట మనసు విప్పి చెబుతున్నాం. మన దేశంలో దత్తత కోరేవాళ్లలో ఎక్కువమంది అడిగేది రెండేళ్ల లోపు పసిపిల్లల్ని. ఐదేళ్లు దాటిన పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లుగా ఉన్న జంటలు, ఏదైనా లోపంతో పుట్టినవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోతారు. మీరు ఆఫ్రికాకు వెళ్లి తెచ్చుకోవాలనుకుంటున్న వయసు పిల్లల్నే ఇక్కడి నుంచి ఇటలీ, స్పెయిన్, అమెరికా దంపతులు తీసుకెళ్తున్నారు. ఆరేళ్ల బిడ్డ కావాలన్నదే మీ కోరికైతే కారా నడిపే కేరింగ్స్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇక్కడే నమోదు చేసుకోండి.

ప్రశ్న: నాకు 53, నా భార్యకు 50. మాకు ఇద్దరు పిల్లలు. మేము అర్హులమేనా?
ఎల్.బి. నగర్

అర్హులే, కానీ పరిధి చిన్నది. భార్యాభర్తల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్ల లోపు బిడ్డకు 85, రెండు నుంచి నాలుగేళ్లకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదికి 110 దాటకూడదు. మీది 103, అంటే ఎనిమిదేళ్లు నిండిన పిల్లలే. బిడ్డకూ మీ ఇద్దరిలో ప్రతి ఒక్కరికీ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి, మీకు ఆ ఇబ్బంది లేదు. ఇద్దరు పిల్లలున్న దంపతులకు వైకల్యం లాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, లేదా ఎంతకాలమైనా ఎవరూ ముందుకు రాని పిల్లల్ని మాత్రమే చూపిస్తారు. ఇంట్లో ఉన్న పిల్లల అభిప్రాయం హోమ్ స్టడీలో అడుగుతారు, ముందే వాళ్లతో మాట్లాడండి.

ప్రశ్న: మా అమ్మాయికి డాలస్‌లో గ్రీన్‌కార్డు ఉంది, అల్లుడిది హెచ్-1బి. హైదరాబాద్ శిశువిహార్ నుంచి గానీ, వేరే ఎక్కడి నుంచైనా గానీ ప్రత్యేక అవసరాలున్న బిడ్డను తీసుకోవాలని వాళ్ల పట్టుదల. నేను ఇక్కడుండి ఏం చేయాలి?
ఒక అమ్మమ్మ, మల్కాజిగిరి

అమ్మా, మీ వాళ్లు భారత పౌరులు కాబట్టి ఇక్కడి నిబంధనలు వాళ్లను దేశంలో ఉన్నవాళ్లతో సమానంగానే చూస్తాయి. చిక్కు అమెరికా వైపు ఉంది. హేగ్ పద్ధతిలో బిడ్డను తీసుకెళ్లడానికి అక్కడ వేసే ఐ-800ఎ, ఐ-800 దరఖాస్తులను అమెరికా పౌరులు మాత్రమే వేయగలరు. భార్యాభర్తల్లో ఒక్కరికైనా పౌరసత్వం ఉండాలి. గ్రీన్‌కార్డు మీద వేరే దారి ఉంది గానీ, అందులో దత్తత బిడ్డ రెండేళ్లు చట్టబద్ధంగా వాళ్ల సంరక్షణలో ఉండాలి, రెండేళ్లు వాళ్లతో కలిసి నివసించి ఉండాలి. అంటే ఒకరు ఇక్కడికి వచ్చి రెండేళ్లు ఉండాల్సి రావచ్చు, ఆ ఉండటం వల్ల గ్రీన్‌కార్డుకే ముప్పు రావచ్చు. హెచ్-4 డిపెండెంటు వీసాకు కూడా ఈ రెండేళ్ల షరతే అడ్డం పడుతుంది.

అందుకే ఇక్కడ దత్తత ఉత్తర్వు తీసుకోక ముందే అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోమనండి. మీ అమ్మాయి త్వరలో పౌరురాలయ్యేట్టుంటే అంతవరకు ఆగడమే మేలు. ఆ తర్వాత కారా గుర్తింపు ఉన్న అమెరికా ఏజెన్సీ ద్వారా హోమ్ స్టడీ చేయించుకుని నమోదు కావాలి. బిడ్డకు పదహారేళ్లు నిండక ముందే ఐ-800 పడాలన్నది కూడా గుర్తుంచుకోమనండి. బిడ్డ వెళ్లాక మొదటి సంవత్సరం మూడు నెలలకోసారి, రెండో సంవత్సరం ఆరు నెలలకోసారి ఆ ఏజెన్సీ కారాకు నివేదిక పంపుతుంది.

మీరు చేయగలిగిన పని, వద్దని చెప్పగలగడం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రాయించేసుకుంటే సరిపోతుందని చుట్టాలు చెబుతారు. శిశువిహార్‌లో ఉన్న బిడ్డకు దత్తపత్రం చెల్లదు. బంధువుల బిడ్డను హిందూ దత్తత చట్టం కింద రాయించుకున్నా, దేశం దాటించాలంటే 2021 నుంచి కారా ఎన్.ఓ.సి. కావాల్సిందే.

ప్రశ్న: ఒక నర్సింగ్‌హోమ్‌లో పెళ్లికాని అమ్మాయి బిడ్డను నేరుగా మాకు ఇప్పిస్తామంటున్నారు. లోపమున్న బిడ్డ కాబట్టి ఎవరూ అడగరంటున్నారు.
పేరు రాయవద్దన్నారు, సికింద్రాబాద్

తీసుకోకండి. లోపం ఉందా లేదా అన్నదానితో చట్టానికి పని లేదు. పద్ధతి ప్రకారం కాకుండా బిడ్డను తీసుకుంటే బాలల న్యాయ చట్టం 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, డబ్బు చేతులు మారితే 81 కింద అంతకంటే ఎక్కువ. ఆ తల్లి బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు ఆమె హక్కు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీ పేరు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: పోర్టల్‌లో మూడేళ్ల బాబును చూశాం. వైద్య నివేదికలో 'గుండెలో రంధ్రం, ఎదుగుదలలో ఆలస్యం' అని రెండు ముక్కలే ఉన్నాయి. ఒప్పుకోవాలని ఉంది, భయంగానూ ఉంది.
దంపతులు, మియాపూర్

పోర్టల్‌లో బిడ్డను మీ పేరు మీద రిజర్వ్ చేయడం వేరు, ఒప్పుకోవడం వేరు. సంతకం పెట్టేలోపు ఆ నివేదికను మీకు నమ్మకమైన డాక్టరుకు చూపించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది, వాడుకోండి.

గుండె సంగతి: 'రంధ్రం' అనే మాటతో ఏమీ తెలియదు. ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు అడగండి, దాని మీద తేదీ చూడండి. ఏడాది పాతదైతే మళ్లీ తీయించమనండి. రంధ్రం పై గదుల మధ్యా, కింది గదుల మధ్యా? ఎన్ని మిల్లీమీటర్లు? ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిందా? చిన్నవి చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి. పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేసి ఆ పీడనం బాగా పెరిగిపోతే ఆపరేషన్ చేసే అవకాశమే పోతుంది. కాబట్టి అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది పీడనం సంగతి.

'ఎదుగుదలలో ఆలస్యం' అన్న మాట ఇంకా మోసపుచ్చుతుంది. ఆశ్రమంలో ఎత్తుకుని మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి ఆలస్యమయ్యే పిల్లలు చాలామంది, ఇంటికొచ్చాక వాళ్లు పుంజుకుంటారు. మెదడు వల్ల ఆలస్యమైతే సంగతి వేరు. తేడా తెలియడానికి తల చుట్టుకొలత చూడాలి. ఒక్కసారి కొలిచింది చాలదు, చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా ఉన్న కొలతలన్నీ అడిగి పిల్లల డాక్టరుతో చార్టు మీద పెట్టించండి. థైరాయిడ్ పరీక్ష, బెరా అనే వినికిడి పరీక్ష చేశారా కనుక్కోండి. వినపడని పిల్లాడిని మందబుద్ధి అని రాసేయడం జరుగుతుంటుంది. హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి., తలసీమియా ఫలితాలు ఉండాలి. పుట్టగానే చేసిన యాంటీబాడీ పరీక్షలో హెచ్.ఐ.వి. పాజిటివ్ వచ్చి ఉంటే కంగారు పడకండి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు 18 నెలల దాకా రక్తంలో ఉండొచ్చు, ఇప్పుడు చేస్తే నిజం తెలుస్తుంది. దొరికిన పిల్లల వయసు అంచనాయే, ఏడాది అటూ ఇటూ ఉండొచ్చు. అదే నిజమైతే 'ఆలస్యం' కొంత అక్కడే తేలిపోతుంది.

తర్వాత వెళ్లి చూడండి. నివేదికలో లేని సంగతులు ఆయాకు తెలుసు. ఏం తింటాడు, ఎవరి దగ్గర నిద్రపోతాడు, పిలిస్తే తిరుగుతాడా, బంతి దొర్లిస్తే వెనక్కి దొర్లిస్తాడా అని అడగండి.

మీ వల్ల కాదనిపిస్తే ఇప్పుడే చెప్పేయండి, అందులో తప్పు లేదు. ఇంటికి తెచ్చి ఆరు నెలల తర్వాత వెనక్కి పంపితే ఆ బిడ్డ రెండోసారి అనాథ అవుతాడు. ఒప్పుకుంటే మాత్రం హైదరాబాద్‌లో ఆసరా ఉంది: బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే నైపిడ్ సంస్థలో ఎదుగుదల పరీక్షలు, థెరపీలు చేస్తారు. వైకల్యం నిర్ధారణ అయితే యు.డి.ఐ.డి. అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నవాళ్లకు లక్ష రూపాయల దాకా నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా వస్తుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ల పాపను మధ్యప్రదేశ్ నుంచి తెచ్చుకుని రెండు నెలలైంది. మొదట్లో బుద్ధిగా ఉంది, ఇప్పుడు కేకలు, విసరడాలు. తలగడ కింద చపాతీలు దాస్తోంది. నన్ను దీదీ అంటుంది. వచ్చిన ప్రతి చుట్టం ఒళ్లోనూ కూర్చుంటుంది. నాకు ఏడుపొస్తోంది.
ఒక తల్లి, ఉప్పల్

రాష్ట్రం దాటి వచ్చినా, దేశం దాటి వెళ్లినా, ఈ వయసు పిల్లల్లో కనిపించేవి ఇవే. మొదటి వారాల బుద్ధి భయం వల్ల. ఇప్పుడు మిమ్మల్ని పరీక్షిస్తోంది: ఇంత చేసినా ఉంచుకుంటారా? 'మళ్లీ పంపించేస్తాం' అన్న మాట ఎంత కోపంలోనైనా, ఆటపట్టించడానికైనా ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

చపాతీల గురించి తిట్టకండి, పక్క వెతకకండి. గంట కొడితేనే అన్నం దొరికే చోటు నుంచి వచ్చింది. మూతున్న చిన్న స్టీలు డబ్బా ఆమె మంచం పక్కన పెట్టండి. రోజూ రాత్రి ఆమె కళ్లముందే పల్లీపట్టీ, బిస్కెట్లు, మరమరాలు నింపండి. మూత గట్టిదైతే చీమలు పట్టవు. ఎప్పుడు తిన్నా అడగకండి. దాయడం ఆగిపోయాక కూడా డబ్బా తీసేయొద్దు.

ఎవరి ఒళ్లోనైనా కూర్చోవడం కలుపుగోలుతనం కాదు, ఎవరు తనవాళ్లో ఇంకా తెలియకపోవడం. మరో మూడు నెలలు అన్నం పెట్టడం, స్నానం, మందు, చాక్లెట్ అన్నీ మీ ఇద్దరి చేతుల మీదుగానే జరగనివ్వండి. అత్తయ్యగారికి, పిన్నిగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి: రండి, పలకరించండి, బహుమతి మాత్రం మా చేతికివ్వండి. మీ మీద ఆమెకు చనువు రావడానికి తల దువ్వడం బాగా పనికొస్తుంది. రోజూ పది నిమిషాలు, కొబ్బరినూనె రాసి, మెల్లగా చిక్కు తీయండి. మీ వైపు వీపు పెట్టి కూర్చుంటుంది కాబట్టి కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు, ఒళ్లు మాత్రం మీ స్పర్శకు అలవాటు పడుతుంది. దీదీ అంటే అననివ్వండి.

హిందీ మాన్పించకండి. వాడకపోతే పిల్లలు మొదటి భాషను కొన్ని నెలల్లోనే పోగొట్టుకుంటారు, దాంతో తమ గతం చెప్పుకునే మాటలూ పోతాయి. హైదరాబాద్‌లో హిందీకి కొదవ లేదు. మీరే ఒక యాభై మాటలు నేర్చుకోండి: ఆకలి, నొప్పి, భయం, బాత్రూమ్, 'బయటికెళ్లి మళ్లీ వస్తాను'. పేరు మార్చకండి. వచ్చినప్పుడు వేసుకున్న గౌను చిరిగినా సరే ఉతికి దాచండి.

బడికి తొందర లేదు. చేర్పించేటప్పుడు విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ గుర్తు చేయండి: వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అక్షరాలు రావని ఐదేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే ఆమెకు అవమానం.

డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్, నులిపురుగులు, టీబీ, విటమిన్-డి, పళ్లు, కళ్లు, చెవులు చూపించండి. టీకా కార్డు నమ్మదగ్గట్టు లేకపోతే ఏవి మళ్లీ వేయాలో అడగండి. ఇంకొకటి, ఒక్కసారిగా తిండి అంది పుంజుకునే ఆడపిల్లల్లో యుక్తవయసు లక్షణాలు త్వరగా మొదలవుతుంటాయి. ఛాతీలో మార్పు కనిపించినా, ఎత్తు చప్పున పెరిగినా పిల్లల ఎండోక్రైనాలజిస్టుకు చూపించండి.

ఫాలో-అప్‌కు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వస్తారు, రెండేళ్ల పాటు. అంతవరకు ఆగక్కర్లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఈ వారమే కౌన్సెలర్‌ను అడగండి. మీకొచ్చే ఏడుపు గురించి కూడా వాళ్లకు చెప్పండి.