బెడ్డింగ్ కుదిరిందా, తూటా కుదిరిందా?

ప్రశ్న: నేను అమెరికాలోని మోంటానాలో ఉంటున్నాను. ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వాడే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్‌కు ఈ మధ్యే ఎపాక్సీతో బెడ్డింగ్ చేయించాను, అంటే రైఫిల్ తన స్టాకులో (పట్టుకునే కట్టెలో) కదలకుండా కూర్చునేలా గట్టిపడే జిగురు పోయించాను. కొత్త పౌడర్, కొత్త బుల్లెట్లతో సొంతంగా తూటాలు నింపుకొని వంద గజాల దూరంలో పరీక్షించాను. మొదటి మూడు తూటాల గ్రూపు (టార్గెట్ మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పు) 0.6 అంగుళం, రెండోది 1.8 అంగుళాలు. బెడ్డింగ్ చెడిందంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఈ రెండు గ్రూపులను చూసి బెడ్డింగ్‌ను మెచ్చుకోనూ లేను, తప్పుపట్టనూ లేను. సగటున 1.1 అంగుళం గ్రూపు వేసే రైఫిల్ ఏ లోపమూ లేకుండానే ఒకసారి 0.6, మరోసారి 1.8 వేయగలదు. మూడు తూటాలు చెప్పగలిగింది అంతే. ఐదేసి కాలిస్తే గ్రూపు సగటున పావు వంతుకు పైగా పెద్దదవుతుంది. చూడటానికి గొప్పగా ఉండదు, కానీ నేను నమ్మేది దాన్నే.

అసలు చిక్కు, మీరు బెడ్డింగ్‌నూ తూటానూ ఒకేసారి మార్చడం. బెడ్డింగ్‌కు ముందు ఈ రైఫిల్‌లో కాల్చిన పాత తూటానే, అదే పౌడర్, అదే తూకం, అదే పొడవుతో మళ్ళీ నింపండి. తేడా కనిపిస్తే అది బెడ్డింగ్ వల్లనే అనడానికి అప్పుడు ఆధారం ఉంటుంది. కొత్త తూటా సంగతి తర్వాత చూడవచ్చు. దాన్ని మాత్రం మాన్యువల్లో ఇచ్చిన కనిష్ఠ మోతాదు నుంచే మొదలుపెట్టాలి. ఇందులో మినహాయింపు లేదు. ఇంకొకటి: ఇది బెల్టు (అడుగు దగ్గర ఉబ్బెత్తు పట్టీ) ఉన్న కేసు, అంటే తూటా ఇత్తడి తొడుగు. కొత్త కేసు ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోట) బెల్టు మీద ఆగుతుంది. ఒకసారి పేలిన కేసును దాని భుజం (మెడ కింది ఏటవాలు భాగం) దగ్గర ఆగేలా సైజు చేసుకోవచ్చు. ఈ రెండింటినీ ఒకే గ్రూపులో కలపకండి.

రేంజికి వెళ్ళే ముందు ఇంట్లోనే, రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకున్నాక, ఒక పరీక్ష చేయండి. స్టాకు ముందు కొసకు డయల్ ఇండికేటర్ (సూక్ష్మమైన కదలికను కొలిచే పరికరం) బిగించి, దాని ముల్లును గొట్టానికి ఆనించి, యాక్షన్‌ను (తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగాన్ని) స్టాకుకు బిగించే స్క్రూలలో ముందుదాన్ని మెల్లగా వదులు చేయండి. గొట్టం అంగుళంలో రెండు మూడు వేల వంతులకు మించి కదిలితే స్టాకు యాక్షన్‌ను వంచి పట్టుకుంటోందన్నమాట. రికాయిల్ లగ్ (తన్నును స్టాకుకు అందించే, యాక్షన్ కింది లోహపు దిమ్మ) వెనుక వైపు మాత్రమే ఎపాక్సీకి గట్టిగా ఆనాలి. ముందు, పక్కల, అడుగున కాస్త ఖాళీ ఉండటం మంచిది. మాగ్నమ్ తన్నుకు స్కోపు మౌంట్ల స్క్రూలు కూడా వదులవుతాయి, వాటినీ చూడండి.

ఇక కాల్చే పద్ధతి. వేటలో ముఖ్యమైనది చల్లని గొట్టం నుంచి వెళ్ళే మొదటి తూటా. అందుకని టార్గెట్ వెనుక ఒక పెద్ద కాగితం శాశ్వతంగా ఉంచుకోండి. వెళ్ళిన ప్రతిరోజూ దాని మీద అదే చోట కొత్త టార్గెట్ అతికించి, మొదటి తూటాను దాని మీదే కాల్చండి. వెనుక కాగితంలో రోజురోజుకూ పేరుకునే రంధ్రాలే మీ రైఫిల్ అసలు గ్రూపు. మిగతా గ్రూపులకు తూటాకూ తూటాకూ మధ్య గొట్టం చల్లారనివ్వండి. ఇసుక సంచిని స్టాకు కిందే పెట్టండి, గొట్టం కింద కాదు. భుజం నొప్పెడితే ఆ రోజుకు ఆపేయండి; ట్రిగ్గర్ నొక్కబోతూ ఉలిక్కిపడే మనిషి గ్రూపు రైఫిల్ గురించి ఏమీ చెప్పదు.

వంద గజాల దగ్గర ఒకటిన్నర అంగుళం నిలకడగా వస్తే మూడు వందల గజాల దగ్గర అది నాలుగున్నర. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు అంతకన్నా చాలా పెద్దది. అక్కడికి చేరాక అర అంగుళం కోసం పౌడర్ తగలేయకుండా, మిగిలిన తూటాలను బల్ల వదిలి, మోకాలి మీద కూర్చుని కాల్చండి.