ఫైనల్ టికెట్ల డబ్బు ఎగ్గొట్టాడు... దావాకు ఇంకా గడువు ఉందా?

సందేహం: దోహాలో పనిచేసేటప్పుడు 2022 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు రెండు టికెట్లు ఇప్పిస్తానని మా ఊరి ట్రావెల్ ఏజెంటు రూ.1.60 లక్షలు తీసుకున్నాడు. డిసెంబర్ 18న లుసైల్ స్టేడియం గేటు దగ్గర, అతను పంపిన స్క్రీన్‌షాట్లు చెల్లవని మమ్మల్ని వెనక్కి పంపేశారు. ఆ అవమానం ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను. 2024 మార్చి 14న రూ.40 వేలు ఇచ్చి చీటీ రాశాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. అతను సంతకం చేసిన ఖాళీ ప్రామిసరీ నోటు నా దగ్గర ఉంది. రూ.3 లక్షలు చేబదులు ఇచ్చినట్లు నింపి దావా వేయమంటున్నారు మిత్రులు. వేయవచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో మూడు పేజీలు గేటు దగ్గరి అవమానమే. చీటీ గురించి రాసింది ఒక్క వాక్యం. మీ కేసు నిలిచినా పోయినా ఆ చీటీతోనే.

టికెట్లు చెల్లని రోజు నుంచి మూడేళ్లలో డబ్బు కోసం దావా వేయాలి. ఆ లెక్కన 2025 డిసెంబర్‌తో సరి. అయితే గడువు లోపల బాకీలో కొంత చెల్లించి, ఆ సంగతి బాకీదారు సొంత దస్తూరీతో గానీ సంతకంతో గానీ రాసిస్తే, లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం 19వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. "టికెట్ల బాపతు బాకీలో 40 వేలు ముట్టజెప్పాను, మిగిలింది దసరాకు" అని అతనే రాసి సంతకం చేశాడు కాబట్టి మీకు 2027 మార్చి 14 దాకా గడువుంది. అలాంటి కాగితాన్ని పర్సులో మడిచిపెట్టి, మడతల దగ్గర చిరుగుతోందని తాపీగా రాస్తారా? ఈరోజే కవరులో పెట్టి బీరువాలో భద్రపరచండి. అతికించవద్దు, లామినేషన్ చేయించవద్దు.

వాట్సాప్ సంభాషణలున్న ఫోను అమ్మేశారట. అవి మీ తమ్ముడి ఫోనులోనైనా ఉంటే ఆ ఫోను మార్చవద్దనండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయనిదే కోర్టులో వాటి ప్రింట్లకు విలువ లేదు. డబ్బు పంపిన ఖాతా స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో తీసుకోండి.

ఆ సంభాషణలు ఎందుకంటే, ఖతర్ 2021లో చేసిన చట్టం ఫిఫా అనుమతి లేని టికెట్ల అమ్మకాన్ని నిషేధించింది. కాబట్టి మన ఒప్పందమే చెల్లదని అతను వాదించవచ్చు. అధికారికంగా ఇప్పిస్తానన్నాడనీ, మీరు నమ్మారనీ చూపాలి. అసలు టికెట్ ఫిఫా యాప్‌లో ఉంటుంది గానీ స్క్రీన్‌షాట్‌లో కాదు. పైగా ఖతర్ నివాసితులకు ఫైనల్ టికెట్ 750 రియాళ్లకే కేటాయించారు. దోహాలోనే ఉండి ఫిఫా లాటరీకి దరఖాస్తు చేయకుండా జగిత్యాల ఏజెంటును ఆశ్రయించడమేమిటి?

ఖాళీ నోటు మాత్రం ముట్టుకోవద్దు. చేబదులని ఒక కాగితం, టికెట్ల బాకీ అని మరో కాగితం ఒకే కోర్టులో నిలవవు. తప్పుడు సాక్ష్యం సృష్టించారని భారతీయ న్యాయ సంహిత 229 కింద మీరే ముద్దాయి అవుతారు. నోటును ఉన్నదున్నట్లు న్యాయవాదికి ఇవ్వండి.

వినియోగదారుల కమిషన్ గడువు రెండేళ్లే, అది దాటింది. మిగిలిన రూ.1.20 లక్షలకు, వడ్డీకి జగిత్యాల సివిల్ కోర్టులో దావా వేయండి. ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే, కోర్టు ఫీజు లేకుండా లోక్ అదాలత్‌లో రాజీ కుదరవచ్చు. అక్కడిచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో సమానం. అతను రాజీకి రాకుండా వాయిదాలు కోరుతుంటే ఆగవద్దు. లాయరు నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు, దావా దాఖలైతేనే ఆగుతుంది.